కొత్త మందు ట్రయల్‌లో క్రియాటినిన్ పెరిగింది: ఇది కిడ్నీకి దెబ్బేనా?

నాన్నగారికి మూడో దశ కిడ్నీ జబ్బు. ఒక కొత్త మందు భద్రతను చూసే తొలి దశ ట్రయల్‌లో చేరారు. మందు మొదలుపెట్టక ముందు క్రియాటినిన్ (కిడ్నీలు మూత్రంలోకి పంపే వ్యర్థం; రక్తంలో ఇది ఎంతుందో చూసి కిడ్నీ పనితీరు అంచనా వేస్తారు) 1.8, ఏడో రోజున 2.1, పద్నాలుగో రోజునా అంతే. పొటాషియం 4.6, అది మామూలే. మూత్రం మామూలుగానే వస్తోంది. రోజూ ఉదయం ఆయన పాదం మీద వేలితో నొక్కి చూస్తున్నాను, గుంట పడటం లేదు, అంటే నీరు పట్టలేదు.

నొప్పి మాత్రలు వేసుకోలేదు, నీళ్లు తగ్గించలేదు. వేరే ల్యాబులో చేయించినా అదే అంకె. ట్రయల్ డాక్టరుగారు 'గమనిస్తున్నాం' అన్నారే గాని కారణం చెప్పలేదు. వచ్చే శుక్రవారం మోతాదు పెంచుతారట, నా భయమంతా అదే.

ట్రైమెథోప్రిమ్ (ఒక యాంటీబయాటిక్) వంటి మందులు కిడ్నీని దెబ్బతీయకుండానే, క్రియాటినిన్ మూత్రంలోకి పోకుండా అడ్డుకుని అంకెను పెంచగలవని చదివాను. ఇదీ అలాంటిదో, నిజంగా దెబ్బో తేల్చుకోవడానికి, మోతాదు పెంచేలోపు సిస్టాటిన్ సి పరీక్ష (ఇలాంటి అడ్డు ప్రభావం పడకుండా కిడ్నీ పనితీరు చూపే మరో రక్తపరీక్ష) చేయమని అడగడం సరైనదేనా?