సఫియా అల్ మొహందిస్ పాత రేడియో రికార్డింగులకు తేదీ తేల్చేదెలా?

ఈజిప్టు రేడియో తొలి మహిళా అనౌన్సర్‌గా పేరుపొందిన సఫియా (హాస్యనటుడు ఫువాద్‌కు అక్క) గృహిణుల కోసం నడిపిన 'ఇలా రబ్బాత్ అల్ బుయూత్' కార్యక్రమం కాపీలు నెట్‌లో తేదీల్లేకుండా తిరుగుతున్నాయి. పైగా కొన్నిట్లో గొంతు సన్నగా ఉంది. టేపు వేగం తప్పిందన్నమాట. స్పెక్ట్రోగ్రామ్‌లో (శబ్దంలోని ఫ్రీక్వెన్సీలను చూపే చిత్రం) 50 హెర్ట్జ్ ఉండాల్సిన కరెంటు హమ్ (కరెంటు వల్ల రికార్డింగులో పడే గుయ్‌మనే మోత) 52 దగ్గర కనిపిస్తే వేగం 4 శాతం ఎక్కువ. డిజిటైజ్ చేసిన యంత్రం హమ్ మాత్రం సరిగ్గా 50 దగ్గరే కూర్చుంటుంది, దాన్ని నమ్మకూడదు.

వేగం సరిచేయొచ్చు గానీ తేదీ సంగతేంటి? కైరో నుంచి వెలువడిన 'రేడియో, టెలివిజన్' వారపత్రికలో కార్యక్రమాల పట్టికలు వచ్చేవి. 1950లు, 60ల సంచికల స్కాన్లు ఏ లైబ్రరీలో దొరుకుతాయి? అతిథి పేరు, పండగ ప్రస్తావన వంటి ఆధారాలతో పట్టికను సరిపోల్చగల, అరబీ చదవడం వచ్చిన గల్ఫ్ తెలుగువాళ్లెవరైనా సాయం చేస్తారా? అంచనాలొద్దు, సంచిక తేదీ, పేజీ నంబరు కావాలి.