ఒకే హోస్టింగ్‌లో రెండో డొమైన్: ఫైళ్లు ఎక్కించినా పాత సైటే తెరుచుకుంటోంది

రావులపాలెం_వంతెన:

నమస్కారమండి. సీప్యానెల్ (హోస్టింగ్ నడుపుకునే కంట్రోల్ పేజీ) ఉన్న షేర్డ్ హోస్టింగ్‌లో కడియం వైపు నర్సరీ ఒకదాని సైటు ఇప్పటికే నడుస్తోంది. అదే అకౌంట్‌లో ఆత్రేయపురం పూతరేకుల దుకాణానికి రెండో డొమైన్ పెట్టాలి. డొమైన్స్ పేజీలో కొత్త డొమైన్ చేర్చాను, నేమ్‌సర్వర్లు (డొమైన్ ఎక్కడికి పోవాలో చెప్పేవి) కూడా మార్చాను. ఫైల్‌జిల్లాతో (ఎఫ్‌టీపీ పద్ధతిలో ఫైళ్లు సర్వర్‌కి పంపే ప్రోగ్రాం) పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ (సైటు ఫైళ్లుండే ఫోల్డర్) లోపల "పూతరేకులు" అని ఇంగ్లీషు అక్షరాల్లో ఫోల్డర్ చేసి ఫైళ్లు అందులోకి పంపాను. మామూలు హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, 140 ఫొటోలు, అంతా కలిపి 310 ఎంబీ. వర్డ్‌ప్రెస్ కాదు.

కొత్త డొమైన్ కొడితే నర్సరీ సైటే తెరుచుకుంటోంది. నర్సరీ డొమైన్ పక్కన స్లాష్ పెట్టి ఫోల్డర్ పేరు కొడితే మాత్రం పూతరేకుల సైటు వస్తోంది. పైగా ఫొటోలు ఎక్కుతుంటే ఎఫ్‌టీపీ మధ్యమధ్యలో తెగిపోతోంది. ఎక్కడ తప్పిందో చెప్పగలరా?

పంటకాలువ:

ఫైళ్లు వెళ్లాల్సిన చోటికే వెళ్లాయండి. డొమైన్ చూసే చోటే వేరు. ప్రతి డొమైన్‌కీ "డాక్యుమెంట్ రూట్" అని ఒక ఫోల్డర్ రాసి ఉంటుంది. బ్రౌజర్ ఏ పేరుతో వచ్చిందో చూసి సర్వర్ ఆ ఫోల్డర్‌లోకి వెళ్తుంది. మీరు చేసిన ఫోల్డర్ పేరు డొమైన్ పేరులాగే ఉన్నంత మాత్రాన సర్వర్ ఆ రెంటినీ కలపదు. తూము ఏ బోదెకి తీశారో నీళ్లు ఆ బోదెలోకే పోతాయి కదా, ఇదీ అంతే.

సీప్యానెల్‌లో డొమైన్స్ పేజీ తెరిచి, రెండో డొమైన్‌కి ఎదురుగా ఉన్న డాక్యుమెంట్ రూట్ చూడండి. అక్కడ ఉత్త పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ అని ఉంటే, డొమైన్ చేర్చేటప్పుడు "షేర్ డాక్యుమెంట్ రూట్" అనే టిక్ అలాగే వదిలేశారన్నమాట. ఆ టిక్ ముందే పెట్టి ఉంటుంది, తీయడం మనకి గుర్తుండదు. దాంతో రెండో డొమైన్ మొదటిదానికి మారుపేరుగా తయారైంది. అలా చేరిన డొమైన్‌కి ఫోల్డర్ మార్చే వీలు లేదు. తీసేసి మళ్లీ చేర్చాలి.

తీసేసే ముందు జోన్ ఎడిటర్‌లో ఆ డొమైన్‌కి ఉన్న రికార్డులన్నీ ఒక నోట్‌ప్యాడ్‌లోకి రాసి పెట్టుకోండి. డొమైన్ తీసేస్తే దాని డీఎన్ఎస్ జోన్ (సైటు, మెయిల్ ఎక్కడున్నాయో చెప్పే ఆ రికార్డుల పట్టీ) కూడా పోతుంది. ఫైళ్లకి ఏమీ కాదు, ఆ ఫోల్డర్ ఉన్నచోటే ఉంటుంది.

మళ్లీ చేర్చేటప్పుడు డొమైన్ పేరు రాసి టిక్ తీసేయండి. కింద డాక్యుమెంట్ రూట్ గడి తెరుచుకుంటుంది. అందులో పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ స్లాష్ ఫోల్డర్ అని రాయకండి. ఫోల్డర్ పేరు ఒక్కటే రాస్తే అది హోమ్ డైరెక్టరీలో, పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ పక్కన విడిగా ఏర్పడుతుంది. కొన్ని కంపెనీలు ఇలా బయట పెట్టనివ్వవు. అప్పుడు మాత్రమే లోపల పెట్టుకోండి.

ఒక్క ఫైలు కూడా ఎక్కించకముందే ఆ ఫోల్డర్‌లో ఒక చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టండి, ఒక్క వాక్యం చాలు. కొత్త డొమైన్ పక్కన స్లాష్ పెట్టి ఆ ఫైలు పేరు కొట్టండి. ఆ వాక్యం కనిపిస్తే దారి సరిగ్గా ఉన్నట్టే. 310 ఎంబీ ఎక్కించాక తప్పు వెతుక్కునే బదులు ఈ నిమిషం పని ముందు చేసుకోవడం మేలు.

డొమైన్ చేర్చేటప్పుడు "డీఎన్ఎస్ ఎంట్రీ ఆల్రెడీ ఎగ్జిస్ట్స్" అని వస్తే, ఆ పేరు అదే సర్వర్‌లో ఇంకో అకౌంట్‌లో ఉందనో, దాని పాత రికార్డులు అక్కడ మిగిలాయనో అర్థం. అది హోస్టింగ్ వాళ్లే తీయాలి, టికెట్ పెట్టండి.

లంకపొలం:

పంటకాలువ గారు ఫోల్డర్ బయట పెట్టమన్నదానికి కారణం చెబుతాను, తేలిగ్గా తీసుకునే విషయం కాదు.

పై ఫోల్డర్‌లో ఉన్న డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైలు (సర్వర్‌కి సూచనలు రాసి పెట్టేది) కింది ఫోల్డర్లన్నిటికీ వర్తిస్తుంది. మిట్ట చేలో నీళ్లు పల్లపు చేలోకి దిగినట్టు. డొమైన్ వేరైనా అపాచీకి (సర్వర్‌లో సైట్లు చూపించే ప్రోగ్రాంకి) అనవసరం, అది డిస్కు మీద ఫోల్డర్ వరసనే చూస్తుంది. నర్సరీ సైటు డాట్ హెచ్‌టీయాక్సెస్‌లో "ఎవరొచ్చినా నర్సరీ డొమైన్ హెచ్‌టీటీపీఎస్‌కి పంపు" అనే రీరైట్ రూల్ (అడిగిన చిరునామాని మరోచోటికి మళ్లించే వరస) డొమైన్ పేరుతో సహా రాసి ఉంటే, పూతరేకుల డొమైన్ కొట్టినవాళ్లు కూడా మొక్కల దగ్గరికే పోతారు. డాక్యుమెంట్ రూట్ సరిచేశాక కూడా!

అందుకని ఫోల్డర్ లోపలే పెట్టక తప్పకపోతే రెండు దారులున్నాయి. ఆ రీరైట్ రూల్‌కి సరిగ్గా పై వరసలో, హెచ్‌టీటీపీ హోస్ట్ (బ్రౌజర్ అడిగిన డొమైన్ పేరు) నర్సరీ డొమైన్ అయితేనే అనే రీరైట్‌కాండ్ (షరతు వరస) చేర్చండి. ఒక రీరైట్‌కాండ్ దాని కింద వచ్చే మొదటి రూల్‌కి మాత్రమే పనిచేస్తుంది, కాబట్టి రెండు రూల్స్ ఉంటే రెంటికీ విడివిడిగా రాయాలి. లేదా కొత్త ఫోల్డర్‌లో దానికంటూ ఒక డాట్ హెచ్‌టీయాక్సెస్ పెట్టి, "రీరైట్ఇంజన్ ఆన్" అని రాయండి. అపాచీలో మామూలుగా అప్పుడు పై రీరైట్ రూల్స్ ఇక్కడికి దిగవు. పాస్‌వర్డ్ తాళం, ఉత్త "రీడైరెక్ట్" అని మొదలయ్యే వరసలు మాత్రం దిగుతూనే ఉంటాయి.

అన్నీ సరిచేసినా బ్రౌజర్ పాత సైటుకే పోతుంటే కంగారు పడకండి. 301 రీడైరెక్ట్‌ని (శాశ్వతంగా మారిందని చెప్పే మళ్లింపుని) బ్రౌజర్ గుర్తుపెట్టుకుని మళ్లీ సర్వర్‌ని అడగకుండానే అటు పంపేస్తుంది. ఇన్‌కాగ్నిటోలో చూడండి, లేదా వేరే ఫోనులో చూడండి. చాలామంది సరైన పని చేసి, ఈ జ్ఞాపకం వల్ల అది తప్పనుకుని చెడగొట్టుకుంటారు.

లోపల పెట్టడంలో ఇంకో నష్టం మీరే చెప్పారు. నర్సరీ డొమైన్ స్లాష్ ఫోల్డర్ పేరు కొడితే పూతరేకులు వస్తున్నాయి. ఒకే పేజీ రెండు చిరునామాల్లో గూగుల్‌కి దొరకడం దుకాణానికి మంచిది కాదు.

కొబ్బరిమట్ట:

ఎఫ్‌టీపీ తెగడం గురించి. ఫైలు చిన్నదైనా పెద్దదైనా ప్రతిదానికీ ఎఫ్‌టీపీ విడిగా ఒక కనెక్షన్ తెరుస్తుంది. లైను సన్నగా ఉన్నచోట వందల ఫైళ్లు అలా పంపితే కొన్ని సగంలో ఆగి సున్నా బైట్లతో మిగిలిపోతాయి. పేరు ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. ఫైల్‌జిల్లాలో అడుగున "ఫెయిల్డ్ ట్రాన్స్‌ఫర్స్" ట్యాబ్ చూడకుండా మూసేయకండి. ఒకేసారి జరిగే ట్రాన్స్‌ఫర్లు 2 కంటే పెంచకండి. పెంచితే 421 ఎర్రర్‌తో సర్వరే గెంటేయొచ్చు.

మీ పనికి ఎఫ్‌టీపీ కంటే, అన్నీ ఒక జిప్ చేసి సీప్యానెల్ ఫైల్ మేనేజర్‌లో ఎక్కించడం మేలు. దానికంటే ముందు ఫొటోలు తగ్గించండి. జేపీజీలు జిప్ చేస్తే తగ్గేది దాదాపు ఏమీ ఉండదు. 140 ఫొటోలకి 310 ఎంబీ అంటే ఫోనులో తీసినవి తీసినట్టే పెట్టారు. వెడల్పు 1600 పిక్సెళ్లకి, క్వాలిటీ 80కి దించితే ఒక్కోటి సుమారు 200 నుంచి 400 కేబీకి వస్తుంది. పూతరేకు పొర మీద నెయ్యి మెరుపు అప్పుడూ కనిపిస్తుంది. రేపు మొబైల్ డేటా మీద సైటు చూసే కొనుగోలుదారుకీ ఇది మేలే.

జిప్ చేసేటప్పుడు ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేయకండి. ఫోల్డర్ లోపలికి వెళ్లి, అన్నీ సెలెక్ట్ చేసి, అప్పుడు జిప్ చేయండి. లేకపోతే ఫైల్ మేనేజర్‌లో ఎక్స్‌ట్రాక్ట్ చేశాక పైనున్న దారి వరసలో "పూతరేకులు స్లాష్ పూతరేకులు" అని ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తుంది. ఇండెక్స్ ఫైలు ఒక మెట్టు కింద ఉండిపోతుంది, డొమైన్ కొడితే 403 ఫర్బిడెన్ గానీ ఉత్త ఫైళ్ల జాబితా గానీ వస్తుంది. అలా జరిగితే మళ్లీ ఎక్కించక్కర్లేదు. లోపలి ఫోల్డర్‌లో అన్నీ సెలెక్ట్ చేసి "మూవ్" నొక్కి, దారిలో రెండో పేరు తీసేస్తే సరి. డాట్‌తో మొదలయ్యే ఫైళ్లు కనపడాలంటే సెట్టింగ్స్‌లో "షో హిడెన్ ఫైల్స్" పెట్టుకోండి.

ఎక్స్‌ట్రాక్ట్ అవగానే జిప్ తీసేయండి. పేరు ఊహించినవాళ్లెవరైనా దాన్ని దించుకోగలరు, పైగా కోటా రెండింతలు తింటుంది.

ఎఫ్‌టీపీయే కావాలనుకుంటే ఒక్క జాగ్రత్త. సీప్యానెల్‌లో కొత్త ఎఫ్‌టీపీ అకౌంట్ చేస్తే డైరెక్టరీ గడిలో అదే ఒక దారి నింపేస్తుంది, చివర ఆ యూజర్ పేరు కూడా తగిలిస్తుంది. అది చెరిపి మీ డాక్యుమెంట్ రూట్ రాయాలి. లాగిన్‌కి యూజర్ పేరు ఒక్కటీ చాలదు, ఎట్ గుర్తు, డొమైన్‌తో సహా పూర్తిగా ఇవ్వాలి. లేకపోతే 530 (లాగిన్ కుదరలేదనే ఎర్రర్) వస్తుంది.

రావులపాలెం_వంతెన:

ఆయ్, చాలా సంతోషమండి అందరికీ. టిక్ సంగతే, పంటకాలువ గారు చెప్పినట్టే పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ అని ఉంది. తీసేసి బయట ఫోల్డర్‌తో మళ్లీ చేర్చాను. టెక్స్ట్ ఫైలు కనపడింది, జిప్ 41 ఎంబీకి వచ్చింది, సైటు తెరుచుకుంది. ఇంకా నాలుగు మిగిలాయి. 1. కొన్ని ఫొటోలు నా ల్యాప్‌టాప్‌లో కనిపిస్తాయి, సైటులో రావు. 2. "నాట్ సెక్యూర్" అంటోంది. 3. దుకాణం మెయిల్ వేరే కంపెనీలో ఉంది, సైటులోని ఫారం నుంచి పంపినవి వాళ్లకి చేరడం లేదు. 4. పాంప్లెట్‌లోని తెలుగు తెచ్చి అతికిస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి.

లంకపొలం:

ఫొటోలది అక్షరాల తేడా. ఫైలు పేరు చివర జేపీజీ అని ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉన్నా, చిన్నక్షరాల్లో ఉన్నా విండోస్‌కి రెండూ ఒకటే. లైనక్స్ సర్వర్‌కి అవి రెండు వేర్వేరు ఫైళ్లు. కెమెరా నుంచి వచ్చినవి పెద్దక్షరాల్లో ఉంటాయి, మీ హెచ్‌టీఎంఎల్‌లో చిన్నక్షరాల్లో రాసి ఉంటారు. అన్నీ చిన్నక్షరాలు చేయండి, పేర్లలో ఖాళీలకి బదులు హైఫన్ పెట్టండి. హెచ్‌టీఎంఎల్‌లో వెనక్కి వాలిన స్లాష్ ఎక్కడైనా ఉంటే అదీ మార్చండి. పర్మిషన్లు (ఎవరు చదవొచ్చు, ఎవరు మార్చొచ్చు అనేవి) ఫోల్డర్లకి 755, ఫైళ్లకి 644. ఎవరైనా 777 (అందరికీ అన్ని హక్కులూ) పెట్టమంటే వినకండి. చాలా సర్వర్లలో అది పెడితే పీహెచ్‌పీ ఫైళ్లకి 500 ఎర్రర్ వస్తుంది, ఆ సర్వర్లు అలా కావాలనే ఆపుతాయి.

ఎస్ఎస్ఎల్‌కి ("నాట్ సెక్యూర్" పోగొట్టే సర్టిఫికెట్‌కి): సీప్యానెల్‌లో ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్ స్టేటస్ తెరిచి, కొత్త డొమైన్, దాని డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ రెండూ టిక్ చేసి "రన్ ఆటోఎస్ఎస్ఎల్" నొక్కండి. ఏ పేరు ఈ సర్వర్ ఐపీకి (నంబర్ల చిరునామాకి) వస్తే ఆ పేరుకే సర్టిఫికెట్ ఇస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్ఎస్‌లుకప్ కొట్టి, డొమైన్ పేరిచ్చి, ఏ ఐపీ వస్తుందో చూడండి. అది పాతదైతే ఆగాలి, నొక్కుతూ కూర్చుంటే లాభం లేదు. సర్టిఫికెట్ వచ్చాకే హెచ్‌టీటీపీఎస్‌కి రీడైరెక్ట్ పెట్టండి, ముందు పెడితే వచ్చినవాళ్లందరికీ హెచ్చరిక పేజీ కనిపిస్తుంది.

పంటకాలువ:

మెయిల్ సంగతి. మీరు నేమ్‌సర్వర్లు మార్చినప్పుడే పాత ఎంఎక్స్ రికార్డులు (మెయిల్ ఏ సర్వర్‌కి పోవాలో చెప్పేవి) పక్కకి పోయాయి. ఇప్పుడు డీఎన్ఎస్ అంతా ఈ హోస్టింగ్ చేతిలో ఉంది. మెయిల్ కంపెనీ ఇచ్చిన ఎంఎక్స్ రికార్డులు, మెయిల్ నిజమైనదేనని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు జోన్ ఎడిటర్‌లో అక్షరం తేడా లేకుండా చేర్చండి. దుకాణం వాళ్ల ఆర్డర్లు మెయిల్లో వస్తాయి కాబట్టి ముందు ఇదే చేయండి, మిగతావి తర్వాత.

అవి చేర్చినా ఫారం మెయిళ్లు చేరకపోవచ్చు. సర్వర్ ఆ డొమైన్ మెయిల్ తన దగ్గరే ఉందనుకుని, బయటికి పంపకుండా తనలోనే వెతుక్కుంటుంది. సీప్యానెల్‌లో "ఈమెయిల్ రౌటింగ్" తెరిచి, ఆ డొమైన్‌కి "రిమోట్ మెయిల్ ఎక్స్చేంజర్" ఎంచుకోండి. బయటి నుంచి వచ్చేవి చేరుతూ, సైటు ఫారం నుంచి వెళ్లేవి మాత్రమే పోతుంటే చాలావరకు ఇదే కారణం.

ఇంకోసారి మరో డొమైన్ పెట్టేటప్పుడు మెయిల్ బయట ఉంటే నేమ్‌సర్వర్లు కదపకండి. పాతచోటే "ఏ" అనే రికార్డు (డొమైన్ పేరుని ఐపీకి కలిపేది) ఒక్కటి ఈ సర్వర్ ఐపీకి మారిస్తే చాలు. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ మాత్రం మర్చిపోవద్దు.

కొబ్బరిమట్ట:

పిచ్చి అక్షరాలు రెండు రకాలండి. తెలుగు స్థానంలో ప్రశ్నార్థకాలు గానీ, అడ్డదిడ్డంగా గుర్తులు కలిసిన ముక్కలు గానీ వస్తే ఎన్‌కోడింగ్ తప్పు. ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి యూటీఎఫ్-8గా సేవ్ చేయండి, హెడ్‌లో మొదట్లోనే మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 అని ఉండాలి. ఒకసారి ప్రశ్నార్థకాలుగా సేవ్ అయిపోయిన తెలుగు మళ్లీ రాదు, అసలు ఫైలు నుంచి తెచ్చుకోవాలి.

మీది పాంప్లెట్ అన్నారు కాబట్టి డీటీపీలో అను ఫాంట్లతో కొట్టినది అయ్యుంటుంది. అది యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల మీద తెలుగు బొమ్మలు గీసిన ఫాంటు అది, కాబట్టి ఫాంటు లేనిచోట ఇంగ్లీషు ముక్కలు బయటపడతాయి. ఏ సెట్టింగ్ మార్చినా కుదరదు. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేసి, ఆ తర్వాత ఒత్తులు, గుణింతాలు మనిషి కళ్లతో చదవాలి. "ఆత్రేయపురం"లో త్ర, "నెయ్యి"లో య్యి, "బెల్లం"లో ల్లం చూడండి. ధరలు ఇంకా జాగ్రత్త, కన్వర్టర్ అంకెల్ని మారిస్తే కొనేవాళ్లకి తప్పు ధర కనిపిస్తుంది. పాంప్లెట్ కాగితం పక్కన పెట్టుకుని వరసవరసా సరిచూశాకే పేజీ ఎక్కించండి.