ఈ మధ్య మీ మనసుకు పట్టిన కచేరీ, పుస్తకం, సినిమా ఏవి?

తిరుచానూరు శ్రోత
ముందు నాది చెప్తాను. పోయిన వారం తిరుపతి మహతి ఆడిటోరియంలో అన్నమయ్య సంకీర్తనల కచేరీ విన్నాను. ఆయన పాటలు చెక్కిన రాగిరేకుల మీద పాట ఉంటుంది, పైన రాగం పేరు ఉంటుంది, స్వరం మాత్రం ఉండదు. అన్నమయ్య ఎట్లా పాడారో మనదాకా రాలేదు. మనం పాడుకునే వరసలు చాలావరకు గత వందేళ్లలో కట్టినవే. ‘వినరో భాగ్యము విష్ణుకథ’ వరస గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారిది. ఆయన 2025 మార్చిలో పోయినాక నేను ఆ పాటను ఎదురుగా కూర్చుని వినడం ఇదే మొదటిసారి. పల్లవి ఎత్తుకోగానే హాల్లో సగంమంది గొంతు కలిపారు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ కళ్లు మూసుకుని తొడమీద తాళం వేస్తున్నారు. నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు.

మైకు సౌండు కొంచెం తగ్గించి ఉంటే మృదంగం ఇంకా బాగా వినపడేది.

పాకాల టీచరమ్మ
నేను నామిని గారు మన చిత్తూరు యాసలో రాసిన ‘పచ్చ నాకు సాక్షిగా’ కథలు మళ్లీ చదివాను. చిన్నప్పుడు బడిలో ‘యాడికి’ అంటే సార్లు తిట్టేవాళ్లు, ‘ఎక్కడికి’ అనాలని. ఇంట్లో అమ్మ మాట్లాడే మాట తప్పు అనే భయం చాలా ఏళ్లు ఉండిపోయింది నాకు. ఆ మాటే అచ్చులో చూసినప్పుడు కలిగిన ధైర్యం ఇంత అని చెప్పలేను. ఇప్పుడు నా క్లాసులో ఏ పిల్లనీ ఆ మాటకు తిట్టను.

కొర్లగుంట కుర్రాడు
అక్కా, నేనూ మొదలుపెట్టాను కానీ ఇరవై పేజీల తర్వాత ఆపేశాను. చదువుతుంటే నాలుక తిరగడం లేదు. మా ఇంట్లో ఇప్పుడు అట్లా ఎవరూ మాట్లాడరు.

పాకాల టీచరమ్మ
కళ్లతో కాదు తమ్ముడూ, పైకి చదువు. ఇంట్లో అవ్వ ఉంటే ఆమె దగ్గర కూర్చుని చదువు.

పుత్తూరు దారిలో
నాది సినిమా కాదు, పుస్తకం కాదు. మా ఊర్లో ఈ ఎండాకాలం భారతం పెట్టినారు. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి నాటకం. బెంగళూరు నుంచి రెండు రోజులు లీవు పెట్టి అర్జునుడి తపస్సుకు వచ్చాను. తాటిచెట్టంత మాను పాతి ఉంటారు. అర్జునుడి వేషగాడు ఒక్కో మెట్టుకీ ఒక పద్యం పాడుతూ పైకెక్కాడు. కింద బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో, కొంగులు పట్టుకుని ఉన్నారు. పైనుంచి నిమ్మకాయలు, విభూతి విసిరినప్పుడు అంత జనంలోనూ మా చిన్నమ్మ కొంగులో ఒక నిమ్మకాయ పడింది. పెళ్లయి తొమ్మిదేళ్లు ఆమెకు. ఏడుస్తా ఉంది, నవ్వతా ఉంది. ఎండలో మాను చివర నిలబడి గొంతు చెదరకుండా పద్యం పాడిన ఆ మనిషి మిగతా రోజుల్లో సేద్యం చేసుకుంటాడు. అంతకంటే పెద్ద కళాకారుణ్ణి నేను చూడలేదు.

చివరి రోజు దుర్యోధన వధకు ఉండలేకపోయాను. నేలమీద మట్టితో చేసిన ఆ పెద్ద బొమ్మ, భీముడు తొడ మీద కొట్టడం, ద్రౌపది జుట్టు ముడేసుకోవడం వీడియో కాల్‌లో చూశాను. సాయంత్రం అగ్నిగుండం దగ్గరికొచ్చేసరికి సిగ్నల్ పోయింది.

శ్రీకాళహస్తి పాత విద్యార్థి
చిన్నమ్మ గారికి మంచి జరగాలి అన్నా.

నేను నాన్నతో కూర్చుని ‘శంకరాభరణం’ చూశాను. 1980లో విడుదలైనప్పుడు ఆయన కాలేజీ కుర్రాడు. బాలు గారు మా ఊరి బడిలో చదువుకున్నారని, ఆ సినిమా పాటకే మొదటి జాతీయ అవార్డు వచ్చిందని నాన్న ఇప్పటికీ సొంత అన్న గురించి చెప్పినట్టు చెప్తారు. పాటలు వస్తున్నంతసేపూ నాన్న మాట్లాడలేదు, నేనూ ఫోన్ తీయలేదు.

కొర్లగుంట కుర్రాడు
టీచరమ్మ అక్కా, నిన్న రాత్రి అవ్వ దగ్గర పైకి చదివాను. రెండు పేజీలకే నన్ను ఆపి, వాళ్ల నాయన కయ్యలో నాట్లేసిన రోజులు చెప్పడం మొదలుపెట్టింది. కయ్య అంటే మడి అని నాకు అప్పుడే తెలిసింది. పదకొండు దాటినా నిద్రపోలేదు. ఈరోజు పొద్దున్నే అడిగింది, ‘ఆ బుక్కు యాడ పెట్టినావు రా’ అని.