ఫైనలియర్ పిల్లలకు ఉద్యోగ ధైర్యం: ప్రశ్నావళితో కొలవొచ్చా?

ప్రశ్న (పాలకొల్లు)
డిగ్రీ కాలేజీలో ప్లేస్‌మెంట్ పని చూస్తుంటానండి. బీఎస్సీ ఆక్వాకల్చర్ పిల్లలు చెరువు గట్టు మీద ఏం అడిగినా టకటకా చెప్తారు. హేచరీ (రొయ్య, చేప పిల్లల్ని తయారుచేసే కేంద్రం) వాళ్లు ఇంటర్వ్యూకి పిలిస్తే మాత్రం నోరు పెగలదు. సగం మంది దరఖాస్తే పెట్టరు. మోటివేషన్ స్పీచులు పెట్టించాం, రెండ్రోజుల్లో ఆవిరి. ఈ మానసిక బలాన్ని కొలిచే ప్రశ్నావళి ఉందా? మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు చేయొచ్చా?

జవాబు 1 (కెరీర్ కౌన్సెలింగ్, రాజమండ్రి)
ఉందండి. సావికాస్, పోర్ఫెలి అనే పరిశోధకులు 2012లో ప్రచురించిన కెరీర్ అడాప్ట్-ఎబిలిటీస్ స్కేల్. 24 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5. నాలుగు భాగాలు: రేపటి గురించిన ఆలోచన, నిర్ణయం నాదేనన్న పట్టు, కుతూహలం, చేయగలనన్న నమ్మకం. భాగానికి 6 అంశాలు కాబట్టి ఒక్కో భాగం 6 నుంచి 30 మధ్య వస్తుంది.

బ్యాచ్‌లు మాత్రం వద్దు. మార్కులతో ఏదో తేలుస్తారని తెలిస్తే అందరూ 5లే పెడతారు. ఒకే పిల్లాడిలో ఏ భాగం తక్కువుందో చూసి, అక్కడ మాట కలపండి. కుతూహలం తక్కువైతే ప్రాసెసింగ్ ప్లాంటులో పనిచేసే సీనియర్‌తో మాట్లాడించాలి. పట్టు తక్కువైతే చాలాసార్లు నిర్ణయం ఇంట్లో నాన్నగారిది. పిల్లాడికి క్లాసు పీకి లాభం లేదు, ఆయన్ని కూడా కూర్చోబెట్టాలి. సొంతంగా తెలుగులోకి మార్చుకున్న ప్రశ్నల మార్కుల్ని విదేశీ సగటులతో పోల్చకండి.

జవాబు 2 (ఆక్వా శిక్షణ, భీమవరం)
స్పీచులు ఆవిరవడంలో వింతేం లేదు. మనస్తత్వవేత్త బందూరా 1977లోనే చెప్పాడు: నమ్మకానికి నాలుగు మూలాలు, అన్నిటికంటే గట్టిది తాను చేసి గెలిచిన పని. తనలాంటివాడు చేయడం చూడటం, ఒకరి మాట, ఒంటి స్థితి దాని తర్వాతే.

మీ పిల్లలకు పని వచ్చు, దాన్ని చెప్పడం రాదు. నాలుగు వారాలు చెరువు పుస్తకం రాయించండి: తెల్లవారుజామున డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్ (రాత్రంతా ఆక్సిజన్ తయారవదు, వాడకం ఆగదు, అందుకే అప్పుడే అడుగంటుతుంది), చెక్ ట్రేలో (మేత ఎంత తిన్నాయో చూడ్డానికి చెరువులో దించే పళ్లెం) మిగిలిన మేత, తను తీసుకున్న నిర్ణయం. ఆ పేజీ చూసి రెండు నిమిషాలు చెప్పించండి: "డీవో 3.5 పీపీఎంకి పడింది. ఏరేటర్లు వేయించి, ఉదయం మేత ఆపాను. ఎండెక్కాక 5 దాటింది." ఇంటర్వ్యూలో కావలసింది ఇదే.

మొదట పక్కవాడికి, తర్వాత సీనియర్‌కి, ఆఖర్న కొత్తవాళ్లకి చెప్పించాలి. తొలిరోజే స్టేజీ ఎక్కిస్తే ఉన్న ధైర్యమూ పోతుంది. చూపించడానికి టాపర్ని తేకండి, "ఆడికేం, టాపరు" అంటారు. నిరుడు వాళ్లలాగే తడబడి నెట్టుకొచ్చిన సీనియరే నయం.

ప్రశ్న అడిగినవారు
బాగుందండి. మరి రేపు పెడతాం, ఎల్లుండి పెడతాం అనే బాపతు?

జవాబు 1
వాళ్లకి గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త చెప్పిన "ఇది జరిగితే ఇది చేస్తా" పద్ధతి పనికొస్తుంది. "ఈ వారం పెడతా" చాలదు. "శుక్రవారం ల్యాబ్ అయిపోగానే కంప్యూటర్ గదికెళ్లి దరఖాస్తు పంపిస్తా" అని చేత్తో రాయించండి. పక్కన రెండో దారి కూడా: హేచరీ కాకపోతే వాటర్ ల్యాబ్, లేదా ఫీడ్ కంపెనీలో ఫీల్డ్ పని. ఆశ మీద పరిశోధించిన మనస్తత్వవేత్త స్నైడర్ లెక్కలో ఆశ అంటే పట్టుదల ఒక్కటే కాదు, దారులు కనిపించడం కూడా. ఒక్క దారే రాసుకున్నవాడు మొదటి "కాదు"కే చతికిలబడతాడు.

ఇంకొకటి. వారాల తరబడి నిద్రా తిండీ మానేసి మూల కూర్చున్న పిల్లాడుంటే ఈ స్కేళ్లూ పుస్తకాలూ పక్కన పెట్టి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయించండి. ఉచితం, రాత్రిళ్లు కూడా పలుకుతారు.