స్విచ్ పైమూత తీసేస్తే వేడి తగ్గుతుందా?

ప్రశ్న (నెట్ కుర్రాడు):
మా ఊళ్లో కేబుల్ ఇంటర్నెట్ కంట్రోల్ రూమ్ చూసుకుంటాను. ఏసీ లేదు. ఎండలు ముదిరేసరికి స్విచ్ (నెట్ కేబుళ్లన్నీ కలిపే పెట్టె) ఫ్యాన్లు ఒకటే గోల. పైమూత విప్పేసి టేబుల్ ఫ్యాన్ పెట్టమంటున్నారు మా ఓనర్ గారు. నాకేమో టెన్షన్. చేయొచ్చా?

ర్యాక్ బాబాయ్:
వద్దు తమ్ముడూ. ఆ మూత దుమ్ము ఆపడానికే కాదు, గాలికి దారి చూపేది కూడా అదే. వెనకున్న 40 మిల్లీమీటర్ల బుల్లి ఫ్యాన్లు ముందు నుంచి గాలి లాగి, హీట్‌సింక్‌ల (చిప్ వేడిని లాగే లోహపు రెక్కల) మీదుగా బయటికి తోస్తాయి. మూత తీస్తే తమ పక్కనున్న గాలినే లాక్కుంటాయి, మధ్యలో చిప్ దాకా అందదు. చిల్లుపడ్డ స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్టే. పైగా పవర్ సప్లై దగ్గర 230 వోల్టులు, చెయ్యి తగిలితే అంతే సంగతులు.

నన్నడిగితే ముందు ర్యాక్ (స్విచ్‌లు బిగించే బీరువా) గాజు తలుపు ఊడదీయి. చాలాచోట్ల అసలు దొంగ అదే. అందులో ఖాళీ యూనిట్లకు, అంటే అరలకు, బ్లాంక్ ప్లేట్లు (మూసే రేకులు) బిగించు, లేకపోతే వెనకాల వేడిగాలి మళ్లీ ముందుకొస్తుంది.

సోల్డర్ అక్క:
ఫ్యాన్ లేని చిన్న స్విచ్‌ల సంగతి వేరు. కొన్నిటిలో చిప్ వేడి థర్మల్ ప్యాడ్ (వేడిని అందించే మెత్తటి పట్టీ) ద్వారా లోహపు మూతకే చేరుతుంది. అక్కడ మూతే హీట్‌సింక్, దాన్ని అసలు తీయకూడదు.

నెట్ కుర్రాడు:
తలుపు తీశాను బాబాయ్, గోల కాస్త తగ్గింది. కానీ మా స్విచ్ గాలి పక్క నుంచి పక్కకి వెళ్తున్నట్టుంది.

ర్యాక్ బాబాయ్:
అలాంటివీ ఉన్నాయి. టిష్యూ ముక్క పట్టుకుని చూడు, అతుక్కున్న వైపు గాలి లోపలికి పోతున్నట్టు. ఆ వైపు కేబుల్ కట్టలు అడ్డం లేకుండా సర్దు.