చమోరో క్రియలు ఎక్కడ మొదలుపెట్టాలి?

గువామ్‌లో ఉంటున్నాం, పక్కింటి మామ్మగారితో వాళ్ళ భాషలోనే మాట్లాడాలని చమోరో మొదలుపెట్టా. "కాతి" అంటే ఏడవడం అని నేర్చుకుంటే ఆవిడేమో "కుమాతి" అంటారు, ఇంకోసారి "కుమాకాతి" అంటారు, ఏది ఎప్పుడో ఎవరైనా చెప్పండి ప్లీజ్.

జవాబు 1: మొదటి హల్లు తర్వాత "ఉమ్" దూరుతుందండి, క+ఉమ్+ఆతి, ఏడ్చాడు అని. నొక్కి పలికే అక్షరాన్ని రెండుసార్లు అంటే ఆ పని ఇంకా జరుగుతోందని, కుమాకాతి అంటే ఏడుస్తున్నాడు. మనకి చివర్లో తగిలేవి వాళ్ళకి మధ్యలో దూరతాయి, అదొక్కటి అలవాటైతే చాలా హాయి.

జవాబు 2: కర్మ ఫలానాది అని తెలిస్తే మాత్రం ఉమ్ రాదు, కర్త గుర్తు ముందొస్తుంది. "హు తైతై ఇ లెప్‌బ్లో", ఆ పుస్తకం చదివాను. నువ్వైతే "ఉన్", అతనో ఆమో అయితే "హా". చదువుతున్నాను అంటే "హు తాతైతై". నేనైతే ముందు ఈ మూడూ బట్టీ పట్టమంటా.

జవాబు 3: ఉమ్ ఒకరికీ ఇద్దరికీ కూడా సరిపోతుంది, ముగ్గురో అంతకన్నా ఎక్కువో ఉంటేనే "మాన్" వస్తుంది, సంస్కృతం ద్వివచనం చదివినవాళ్ళకి ఇది భలే నచ్చుతుంది.

అడిగినవారు: థాంక్సండీ, రేపు మామ్మగారి దగ్గర "హు తాతైతై" అనేస్తా!