అమ్మ బరువు తగ్గారు, కానీ పీట మీద నుంచి లేవలేకపోతున్నారు: ఈ వయసులో ఏం తినాలి, ఏ వ్యాయామం చేయాలి?

ప్రశ్న: తెనాలివాసి

అందరికీ నమస్కారం. మా అమ్మగారికి 67 ఏళ్లు, ఎత్తు 155 సెంటీమీటర్లు. పోయిన సంక్రాంతి నాటికి 72 కిలోల బరువుండేవారు. మోకాళ్ల నొప్పులు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు, బరువు తగ్గితే తప్ప మందుల వల్ల పెద్దగా ఉపయోగం ఉండదని డాక్టరుగారు చెప్పడంతో, ఆ రోజు నుంచే ఆవిడ రాత్రి భోజనం మానేసి, రెండు అరటిపండ్లో, నాలుగు బొప్పాయి ముక్కలో తిని పడుకుంటున్నారు. పొద్దున మూడు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నంలోకి పప్పుచారు, ఒక వేపుడు, మజ్జిగ, సాయంత్రం టీ, ఇంతకు మించి ఏమీ తీసుకోరు. ఇప్పుడు 67 కిలోలకు వచ్చారు.

చుట్టాలందరూ మెచ్చుకుంటున్నారు గానీ, నాకు మాత్రం దిగులుగా ఉంది. పూజ అయ్యాక నేల మీద ఒక చెయ్యి ఆనించి లేచి వచ్చేసే మనిషి, ఈ మధ్య కిటికీ ఊచ పట్టుకుని రెండు మూడుసార్లు ప్రయత్నిస్తే గానీ పీట మీద నుంచి లేవలేకపోతున్నారు. షుగరుకూ బీపీకీ మాత్రలు వేసుకుంటారు. పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. ఇంకో ఐదారు కిలోలు తగ్గాలనే పట్టుదలతో, మధ్యాహ్నం అన్నం కూడా మానేసి కొర్రలకు మారతానంటున్నారు. నీరసపడకుండా ఈ వయసులో బరువు తగ్గే దారి ఏదైనా ఉంటే అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు: పోషకాహార నిపుణురాలు, హైదరాబాద్

తెనాలివాసి గారూ, త్రాసు చెప్పని సంగతిని మీరు కళ్లతో చూసి పట్టుకున్నారు. పెద్ద వయసులో తిండి తగ్గించి, కండరాలకు మాత్రం పని చెప్పకుండా ఉంటే, తగ్గిన బరువులో దాదాపు నాలుగో వంతు కండ రూపంలోనే పోతుంది. వయసుతో పాటు ఎలాగూ కరిగిపోయే కండ ఈ విధంగా మరింత వేగంగా కరుగుతుంది, తరువాత మళ్లీ బరువు పెరిగినప్పుడు వచ్చేది చాలావరకు కొవ్వే. అమ్మగారి ఎత్తుకు 67 కిలోలు ఇప్పటికీ ఎక్కువే కాబట్టి తగ్గాలనుకోవడంలో పొరపాటు లేదు, కాకపోతే ఇకపై తగ్గేది కొవ్వుగా ఉండేటట్లు చూసుకోవాలి.

మీరు రాసిన ఆహారంలో మాంసకృత్తులను (ప్రొటీన్లను) లెక్క వేసి చూశాను. మూడు ఇడ్లీలకు ఆరు గ్రాములు, మధ్యాహ్నం అన్నానికి ఎనిమిది, పప్పుచారులో నీళ్లే ఎక్కువ గనుక రెండు మూడు, మజ్జిగ, టీలోని పాలు, పండ్లు అన్నీ కలిపినా మొత్తం ముప్ఫై గ్రాములు దాటదు. మన జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి 2020లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దలకే కిలో బరువుకు 0.83 గ్రాములు కావాలి. అరవై ఐదు దాటినవారికి కిలోకు ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల వరకు ఉండాలని వృద్ధుల పోషణ మీద పనిచేసే నిపుణులు సూచిస్తున్నారు. అంటే అమ్మగారి బరువుకు రోజుకు సుమారు 67 నుంచి 80 గ్రాముల వరకు అవసరం, ఇప్పుడు అందులో సగం కూడా అందడం లేదు. అయితే షుగరు ఉన్నవారు గనుక, మాంసకృత్తులు పెంచే ముందు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించి, కిడ్నీలు బాగున్నాయని డాక్టరుగారి చేత చెప్పించుకోండి. ఇది వాయిదా వేయవలసిన పని కాదు.

ఆ పరీక్షలు సవ్యంగా ఉంటే, గుడ్డు తినకపోయినా ఇబ్బంది లేదు. ఉదయం ఇడ్లీకి బదులు వారంలో మూడు నాలుగు రోజులు పెసరట్టు వేయండి, అరవై గ్రాముల పెసలతో వేసిన రెండు అట్లలో పద్నాలుగు గ్రాములు ఉంటాయి. మధ్యాహ్నం పప్పుచారు స్థానంలో తోటకూర పప్పో, దోసకాయ పప్పో గట్టిగా చేసి పెద్ద కప్పు నిండా పెట్టండి, అన్నాన్ని ఒక కప్పుకు తగ్గించి, బీరకాయో సొరకాయో కూర రెండు కప్పులు వడ్డించండి. సాయంత్రం టీతో పాటు గుప్పెడు శనగ గుగ్గిళ్లు, రాత్రి ఏడు గంటలలోపు రెండు చిన్న జొన్నరొట్టెలు, మీల్‌మేకర్ లేదా పనీరు వేసిన కూర, ఒక కప్పు పెరుగు. ఆ రెండు అరటిపండ్లలో మాంసకృత్తులు దాదాపు లేనట్లే, షుగరు మాత్రం పెరుగుతుంది. పండు తినాలనిపిస్తే పగటిపూట ఒక జామకాయ ఇవ్వండి.

ఇక కొర్రల విషయం. చిరుధాన్యాలలో పీచు ఎక్కువ, రాగుల్లో కాల్షియం చాలా ఎక్కువ, అవి తినడం మంచిదే. కానీ వంద గ్రాముల కొర్రల్లోనైనా, జొన్నల్లోనైనా బియ్యంలో ఉన్నన్ని కేలరీలే కాస్త అటూ ఇటూగా ఉంటాయి, కాబట్టి అన్నం తిన్నంత పరిమాణంలో కొర్రన్నం తింటే బరువు తగ్గదు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కూడా మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని చెప్పారు. ఏ ధాన్యమన్నది తరువాతి మాట, ముందు కంచంలో దాని వాటా తగ్గి పప్పు, కూరల వాటా పెరగాలి.

నూనె గురించి ఎవరూ అడగరు గానీ, మన ఇళ్లలో బరువంతా అక్కడే ఉంది. ఒక టేబుల్‌స్పూన్ నూనె అంటే సుమారు 120 కేలరీలు. మనిషికి రోజుకు నాలుగైదు టీస్పూన్ల చొప్పున నెలకు దాదాపు 700 మిల్లీలీటర్లు చాలు, ఇంట్లో ఎంతమంది ఉన్నారో చూసుకుని నెలకు ఎన్ని ప్యాకెట్లు కత్తిరిస్తున్నారో లెక్క పెట్టండి. రోజూ వేపుడు చేసే ఇంట్లో ఈ లెక్క చాలామందిని నిర్ఘాంతపరుస్తుంది.

జవాబు: ఫిజియోథెరపిస్టు, వరంగల్

పైన మేడమ్ గారు చెప్పిన ఆహారానికి వ్యాయామం తోడు కాకపోతే కండ నిలవదు. 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధన వచ్చింది. 65 ఏళ్లు దాటిన 160 మంది స్థూలకాయులలో, ఆహారం తగ్గిస్తూ వ్యాయామం చేసిన మూడు బృందాలవారూ ఆరు నెలల్లో దాదాపు 9 శాతం బరువు తగ్గారు. అయితే కేవలం నడక వంటి వ్యాయామం చేసినవారిలో కండ సహా కొవ్వేతర బరువు 5 శాతం తగ్గగా, బరువులతో వ్యాయామం చేసినవారిలో 2 శాతమే తగ్గింది, రెండూ కలిపి చేసినవారు శారీరక సామర్థ్యంలో అందరికంటే ఎక్కువ మెరుగయ్యారు. మా దగ్గరికి వచ్చే పెద్దలలో చాలామంది "రోజూ గంట నడుస్తున్నానండీ" అంటారు, ఆ మాట వినడానికి సంతోషంగా ఉంటుంది గానీ, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమంటే లేవలేరు.

అమ్మగారికి మొదటి వ్యాయామం అదే. గోడకు ఆనించిన, చేతులున్న గట్టి కుర్చీ తీసుకుని, అది ఎత్తు చాలకపోతే మడతపెట్టిన దుప్పటి వేసి, పాదాలు వెడల్పుగా నేలకు ఆనించి, కొద్దిగా ముందుకు వంగి లేచి నిలబడి, మళ్లీ దబ్బున పడిపోకుండా నెమ్మదిగా కూర్చోవాలి. అలా నెమ్మదిగా కూర్చునేటప్పుడు కూడా తొడ కండరాలు బాగా పని చేస్తాయి. మొదట్లో కుర్చీ చేతులు పట్టుకున్నా ఫరవాలేదు, ఐదుసార్లతో మొదలుపెట్టి, ఒక నిమిషం ఆగి, మరో ఐదుసార్లు చేయించండి. సులువనిపించాక దుప్పటి తీసేయండి, ఆ తరువాత చేతుల సాయం మాన్పించండి. గోడకు ఎదురుగా నిలబడి అరచేతులతో గోడను నెట్టడం, వంటగట్టు పట్టుకుని మడమలు పైకెత్తడం, అర లీటరు నీళ్ల సీసాలతో చేతులు పైకెత్తడం కూడా కలపండి. ఇవి వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామంతో చేస్తే చాలు. చేసేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, బీపీ ఉన్నవారికి ఇది ముఖ్యం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు 65 దాటినవారికి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమతో పాటు, కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం, మూడు రోజులు తూలిపోకుండా నిలదొక్కుకునే వ్యాయామం సూచించాయి. మోకాళ్ల నొప్పి ఉంది గనుక నడకను ఒకేసారి గంట పెట్టుకోకుండా, పూటకు పది నిమిషాల చొప్పున మూడు పూటలా చదునైన చోట, వెనుక పట్టీ ఉన్న చెప్పులతో నడిపించండి. పూజ కొంతకాలం కుర్చీలో కూర్చుని చేసుకోమనండి. బరువు తగ్గడం వల్ల మోకాళ్లకు కలిగే మేలు ఎంత అంటే, ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం నాలుగు కిలోల మేర తగ్గుతుందని మోకీళ్ల అరుగుదల ఉన్నవారి మీద చేసిన పరిశోధనలో తేలింది.

జవాబు: విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్

బాబూ, మీ అమ్మగారు షుగరు మాత్రలు వేసుకుంటారని రాశారు, అవి ఏమిటో ముందు చూడండి. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలో, ఇన్సులినో వాడేవారు తిండి తగ్గించి మందు తగ్గించకపోతే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. నాకు డెబ్బై ఒకటి, ఆ మాత్రే వాడతాను. నేను రాత్రిపూట అన్నం తగ్గించిన కొత్తలో ఒక తెల్లవారుజామున చెమటలు పట్టి, చేతులు వణికి, మా ఇంటావిడ పిలుస్తున్నా జవాబు సరిగ్గా చెప్పలేకపోయాను. ఆవిడ పంచదార నీళ్లు తాగించాక తేరుకున్నాను. తరువాత మా డాక్టరుగారు మోతాదు సగానికి తగ్గించారు. బీపీ మాత్రల సంగతీ అంతే, బరువు తగ్గేకొద్దీ బీపీ కూడా తగ్గి, మంచం మీద నుంచి లేవగానే కళ్లు తిరగవచ్చు. మాత్రలు మనంతట మనం మానకూడదు, డాక్టరుగారికి చెప్పి మార్పించుకోవాలి.

కొబ్బరి నూనె, నిమ్మరసం మీదే వారాల తరబడి ఉండే పద్ధతులను మా వయసువారు కొందరు పట్టుకున్నారు. షుగరు మాత్రలతో అటువంటివి చేయడం ప్రమాదమని నా అభిప్రాయం.

తెనాలివాసి

పెద్దలందరికీ ధన్యవాదాలు. మాత్రల పెట్టె తీసి చూశాను, మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ కూడా ఉంది. ఈ వారమే డాక్టరుగారి దగ్గరికి తీసుకువెళతాను. ఆవిడ ప్రతి ఏకాదశికీ, కార్తీక సోమవారాలకూ ఉపవాసం ఉంటారు, మానమంటే ఒప్పుకోరు. దానికేమైనా మార్గం ఉందా? వారానికి ఎంత తగ్గితే సరైనదనుకోవాలి?

జవాబు: పోషకాహార నిపుణురాలు, హైదరాబాద్

ఉపవాసాల తేదీలను ముందుగానే డాక్టరుగారికి చెప్పి, ఆ రోజు ఏ మాత్ర వేసుకోవాలో, ఏది ఆపాలో చీటీ మీద రాయించుకోండి. గ్లిమెపిరైడ్ వేసుకుని కటిక ఉపవాసం మాత్రం ఉండనివ్వవద్దు. పాలు, పెరుగు, వేరుశనగలు, పండ్లు ఆవిడ నియమానికి అడ్డు కాకపోతే మూడు పూటలా కొద్దికొద్దిగా ఇవ్వండి. ఆ రోజు కండరాల వ్యాయామం పెట్టకండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడే శాకాహారులకు విటమిన్ బి12 లోపించే అవకాశం ఎక్కువ, నీరసానికి అదీ ఒక కారణం కావచ్చు, కాబట్టి బి12తో పాటు విటమిన్ డి, థైరాయిడ్ పరీక్షలు కూడా అడగండి.

వారానికి పావు కిలో నుంచి అర కిలో తగ్గితే చాలు. మొదటి నెల అసలు తగ్గకపోయినా నేను కంగారుపడను, ఆ నెల బలం పుంజుకోవడానికి వదిలేయండి. వారానికొకసారి ఉదయం ఒకే సమయంలో బరువు చూడండి, నెలకొకసారి బొడ్డు దగ్గర టేపుతో నడుము చుట్టుకొలత తీయండి, మన ఆడవారికి అది 80 సెంటీమీటర్ల లోపు ఉండాలంటారు. వీటితో పాటు అర నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలుగుతున్నారో క్యాలెండరు మీద రాసి పెట్టండి. బరువు తగ్గుతూ ఆ సంఖ్య కూడా తగ్గితే తిండి ఇంకా చాలడం లేదని అర్థం, వెంటనే రాత్రి భోజనంలో పప్పో పెరుగో పెంచండి. తిండి సరిగ్గా పెట్టిన తరువాత కూడా బరువు దానంతట అది తగ్గిపోతూ ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుగారికి చూపించండి.